గుణుపురం రైలెక్కిన నోటు పుస్తకం

మా మాష్టారు నా చేతికి ఫిడేలు ఇవ్వకముందు పెన్ను ఇచ్చారు.

2001 వేసవి సెలవులు. నాకప్పుడు 13 ఏళ్ళు. నాన్న నన్ను సైకిల్ వెనకాల కూర్చోబెట్టుకుని పర్లాకిమిడి నుంచి పాతపట్నం తీసుకెళ్ళారు. మాది ఒరిస్సా, పాతపట్నం ఆంధ్రా. అరగంట కూడా పట్టని దారికి రెండు రాష్ట్రాలు. మాష్టారి ఇంటి వసారాలో చాప మీద కూర్చోబెట్టి, "రెండు లైన్లు చెప్తాను, రాయమ్మా" అన్నారాయన. రాశాను. కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని చూశారు. చాలాసేపు చూశారు.

"సున్నకి ఈ తోకేమిటమ్మా?"

అది ఒడియా సున్న. మేం బళ్ళో అలాగే రాస్తాం, చిన్న గుండ్రం వేసి కిందికో గీత. తెలుగులో రాసే ఒట్టి గుండ్రం ఒడియాలో 'ఠ' అవుతుంది. అందుకే తెలుగు పుస్తకంలో 'పందిరి' అని కనిపిస్తే నా కళ్ళకి ముందు 'పఠదిరి' అనే అనిపించేది. ఒక్క క్షణం ఆగి సర్దుకుని చదివేదాన్ని.

సున్న సంగతి ఆయన వదిలేశారు. ఆయనకి పట్టింపు వచ్చింది ఎత్వం, ఏత్వం దగ్గర. ఒడియాలో 'ఎ' ఒక్కటే, 'ఒ' ఒక్కటే. పొట్టి, పొడుగు తేడా లేదు. నేను తెలుగు రాసినా అన్నీ ఒకేలా రాసేదాన్ని. "మెడ వేరు, మేడ వేరు కదమ్మా. మెడ మీద బట్టలు ఆరేస్తామా?" అన్నారు. కోప్పడలేదు. పక్కనే ఉన్న తన ఫిడేలు, దాన్ని వాయించే కమానూ తీసి, కుడి పాదం మీద దాని తల ఆనించి, ఒక సాహిత్యం రెండుసార్లు వాయించారు. మొదటిసారి మాటలు విడివిడిగా తెలిశాయి. రెండోసారి ఏదో ముద్దగా ఉంది. "స్వరాలు రెండిట్లోనూ అవే. రెండోసారి అక్షరం చూసుకోకుండా కమాను తిప్పాను, అంతే. మన ఫిడేలు గొంతు వెనకాలే నడుస్తుంది. ఏ అక్షరం పొట్టి, ఏ అక్షరం పొడుగు, ఎక్కడ ఒత్తు ఉందో తెలియకపోతే కమాను ఎక్కడ తిప్పుతావు? ముందు రాయడం నేర్చుకో. రోజూ ఒక పేజీ. ఏదైనా సరే."

ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు నాన్న బజార్లో ఆగి, గీతల నోటు పుస్తకం ఒకటి కొనిచ్చారు. ఇప్పుడు నా దగ్గర అలాంటివి ఏడున్నాయి.

*

మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, గుమ్మం దాటితే ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. రెండు ఊళ్ళకీ మహేంద్రతనయ నది ఒక్కటే, నీలమణి దుర్గమ్మ ఒక్కతే. అమ్మవారి గుడి పాతపట్నంలో ఉన్నా, మా ఊరి నుంచి మొక్కులు మోసుకెళ్ళేవాళ్ళకి లెక్కలేదు.

నాన్నది బజారు వీధిలో కిరాణా కొట్టు. సంత రోజున కొండల మీంచి సవర గిరిజనులు దిగేవాళ్ళు. అల్లం, పసుపు, చింతపండు, కొండచీపుర్లు తెచ్చి అమ్ముకుని, ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. నాన్న వాళ్ళతో సవరలో బేరమాడేవారు. మేం మావుసీ అని పిలిచే పక్కింటి ఒడియా ఆవిడ వస్తే ఒడియా. ఖాతా పుస్తకం మాత్రం తెలుగులో. సాయంత్రం ఏడింటికి నేను కొట్లో కూర్చుని చిత్తు కాగితాల్లోంచి లెక్కలు ఖాతాలోకి ఎక్కించాలి. అది నా పని. తమ్ముడు చిన్నవాడు, వాడికి పొట్లాలు కట్టడం.

నా రోజు ఎలా గడిచేదో ఇప్పుడు తలుచుకుంటే, అంత చిన్న రోజులో అన్ని ఎలా పట్టాయా అనిపిస్తుంది. తెల్లవారుజామున నాయనమ్మ లేపేది. రేడియోలో విశాఖపట్నం కేంద్రం భక్తిరంజని వస్తుంటే, ఆ చివరి పాట అయ్యేలోపు నేను పెరటి వసారాలో శ్రుతి పెట్టె పక్కన కూర్చోవాలి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. అన్నీ మాయామాళవగౌళలోనే. ఆరు నెలలు ఆ ఒక్క రాగం విని విని తమ్ముడు నిద్రలో కూడా పలికేవాడు. ఏడింటికి ఫిడేలు పెట్టెలో పెట్టి, వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని బడికి. బడి నుంచి వచ్చాక ట్యూషను, కొట్టు, ఖాతా. రాత్రి అన్నాలయ్యాక వంటింటి గడప మీద కూర్చుని నా పేజీ.

అమ్మ పెట్టిన నియమం ఒకటుండేది. నూనె చేత్తో ఫిడేలు ముట్టకూడదు. వంటింట్లో ఏం వేయించినా తరవాత శనగపిండితో చేతులు రుద్దుకుని, కొంగుతో కాదు, ఉతికిన గుడ్డతో తుడుచుకుని అప్పుడు కమాను పట్టాలి. కమానుకి కట్టిన గుర్రపు వెంట్రుకలకి నూనె తగిలితే ఇంక అది తీగని పట్టుకోదు. సంగీతం తెలియని అమ్మకి ఆ సంగతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. బహుశా మాష్టారిని అడిగి తెలుసుకుని ఉంటుంది.

ఫిడేలు కొత్తది కాదు. మాష్టారు విజయనగరం నుంచి తెప్పించి ఇచ్చారు. ఆయన కుర్రతనంలో అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు చెప్పిన చోటు. మాష్టారు చదివేనాటికి వాళ్ళిద్దరూ లేరు. అయినా ఆ గోడల గురించి చెప్తున్నప్పుడు ఆయన గొంతు తగ్గేది. నా ఫిడేలు నడుము మీద పాత గీత ఒకటి ఉంది, ఎవరి చేతిలోనో పడి మళ్ళీ అతికించినది. పొద్దున్నే చల్లగాలికి తీగలు బిగించే బిరడాలు జారిపోయేవి. స ప స ప శ్రుతి చేసుకోవడానికే పావుగంట పట్టేది. తేనెరంగు గాజుముక్కలా ఉండే రోజిన్ మీద కమాను రాస్తే తెల్లటి పొడి లేచి నా నల్ల పావడా మీద పడేది. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం.

ఎడమచేతి వేళ్ళ కొసల మీద తీగలు కోసిన గాట్లు పడేవి. వాటితో పచ్చిమిరపకాయలు తరిగితే ప్రాణం పోయేది. అది చూసి అమ్మ మిరపకాయలు తరిగే పని తను తీసుకుంది. ఏమీ అనలేదు, కత్తిపీట తన ముందుకి జరుపుకుంది.

*

మొదట్లో నా పేజీలు ఇలా ఉండేవి: "నేడు ఉదయమున నిద్ర లేచితిని. స్నానమాచరించితిని." రాయడమంటే అలాగే రాయాలి కాబోలు అనుకున్నాను. మా ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ వ్రతకథలూ స్తోత్రాలే మరి. మాష్టారు చదివి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీ ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడతారామ్మా?"

"లేదండి."

"మరి పర్లాకిమిడిలో ఉండి ఇలా రాస్తావా? గిడుగు వారు తిరిగిన వీధులు కదా అవి."

అప్పుడు చెప్పారు. గిడుగు రామమూర్తి గారు 1880లో మా ఊరి రాజా వారి బళ్ళో మాష్టారుగా చేరారట. సవరల భాష వాళ్ళ నోటివెంటే విని నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారట. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రావాలని జీవితమంతా పోట్లాడారట. 1936లో మా ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు, అన్నేళ్ళు ఉన్న ఊరిని వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారట. ఆగస్టు 29, ఆయన పుట్టినరోజు, ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. ఒడియా మీడియం పిల్లనైన నాకు ఇదేమీ తెలియదు. సంత రోజున నాన్న కొట్టు ముందు కూర్చుని చుట్ట కాల్చుకునే సవర తాతలను అప్పటినుంచి ఇంకోలా చూశాను. వాళ్ళ మాటలకి కూడా ఒక పుస్తకం ఉందన్నమాట!

ఆ రాత్రి పేజీ ఇలా మొదలుపెట్టాను: "ఇవాళ నాయనమ్మకి మోకాళ్ళు నొప్పి. అయినా పెరట్లో తోటకూర విత్తనాలు జల్లింది." రాసుకుపోతుంటే రెండు పేజీలయింది. గొంతులోంచి నేరుగా కాగితం మీదికి వచ్చేసినట్టుంది. ఇంక ఆగలేదు.

*

పుస్తకం గుణుపురం ప్రయాణం ఎలా మొదలైందో చెప్పాలి.

మా మేనత్తని గుణుపురం ఇచ్చారు. మా ఊరి నుంచి అక్కడికి చిన్న రైలుండేది. రెండున్నర అడుగుల పట్టాల రైలు. మా రాజులు వేయించినది, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి, 1931లో గుణుపురం దాకా. నౌపడాలో బయల్దేరి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా మా ఊరు వచ్చి, కాశీనగరం దాటి వంశధార పక్కన గుణుపురం చేరేది. ఎంత మెల్లగా వెళ్ళేదంటే, కిటికీ పక్కన కూర్చుంటే పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళ పాట ఒక చరణం పూర్తిగా వినిపించేది.

ఒకసారి అత్తయ్య వచ్చి వెళ్తూ నా నోటు పుస్తకం చదివింది. "ఇది నాకియ్యవే, రైల్లో చదువుకుంటాను. మళ్ళీ పంపిస్తాను" అంది. పదిహేను రోజులకి తెలిసినవాళ్ళ చేత తిరిగొచ్చింది. తెరిచి చూస్తే అంచుల నిండా రాతలు! అత్తయ్యవి పెన్సిల్‌తో, వదినవి ఎర్ర ఇంకుతో. "మా అమ్మ మోకాళ్ళకి ఏ నూనె రాస్తన్నారు? రాయలేదేటి?" "ఆ పచ్చ పావడా నాకు తెలుసు, నాదే!" "మావయ్య కొట్లో బెల్లం ధర ఇంతేనా, ఇక్కడ ఎక్కువ." నేను రాసినదాన్ని ఎవరో చదివి, దానికి జవాబు చెప్పడం నాకు అదే మొదలు. ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

అప్పటినుంచి రెండు పుస్తకాలు తిరిగేవి. ఒకటి నా దగ్గర, ఒకటి గుణుపురంలో. ముందువైపు నుంచి రోజువారీ కబుర్లు, వెనకవైపు నుంచి పాటలు. వెనకవైపు పాటలకి కింద మాష్టారి స్వరాలు. గుణుపురం వెళ్ళేవాళ్ళు ఎవరుంటే వాళ్ళ చేతికివ్వడమే. బట్టల కొట్టు గుమాస్తా తీసుకెళ్ళాడు, పెళ్ళి చూపులకి వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళారు. ఒక వానాకాలం కిటికీలోంచి జల్లు కొట్టి సిరా అంతా కారిపోయి నీలం మరకలతో వచ్చింది. ఆ రోజు నుంచి బాల్ పెన్నుతోనే రాశాను.

రాయాలన్నదే ధ్యాస అయిపోయింది. బడిలో ఏం జరిగినా, 'ఇది పేజీలోకి వెళ్తుంది' అనుకునేదాన్ని. పక్కింటి మావుసీ జయదేవుడి అష్టపది పాడుకుంటూ వత్తులు చేసుకుంటుంటే, అదే అష్టపది మా మాష్టారు చెప్పే వరస వేరు కదా అని గమనించి అదీ రాశాను. ఆవిడ పాడేది ఒడిస్సీ బాణీ. మాటలు రెండు చోట్లా అవే సంస్కృతం మాటలు. ఆవిడ నోట 'అ'లన్నీ 'ఒ' వైపు ఒంగేవి, నాయనమ్మ నోట నిటారుగా నిలబడేవి. గోపాలకృష్ణ పట్నాయక్ అని పర్లాకిమిడిలో పుట్టిన పాతకాలపు ఒడియా కవి ఉన్నారు. ఆయన రాధాకృష్ణుల పాటలు కూడా మావుసీ దగ్గరే విన్నాను. ఫిడేలు మీద ఒకటి వాయించి చూపిస్తే వత్తుల పళ్ళెం పక్కన పెట్టి, నా బుగ్గలు రెండూ పుణికి, తన నుదుటికి వేళ్ళు విరుచుకుంది.

*

తప్పు జరిగింది 2003 దసరా ముందు.

కొట్టుకి పండగ సరుకు దింపాలి. చేతిలో డబ్బు లేదు. అమ్మ తన గొలుసు తీసి నాన్నకిచ్చింది. నాన్న దాన్ని తాకట్టు పెట్టి సరుకు తెచ్చారు. ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. నేను చూశాను. రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ వంగినప్పుడు, అలవాటు చొప్పున గొలుసు జారకుండా చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. అక్కడ గొలుసు లేదు. పసుపుతాడు మాత్రమే ఉంది. చెయ్యి కాసేపు అక్కడే ఉంచి తీసేసింది.

అది నేను రాశాను. చాలా బాగా రాశాననుకున్నాను కూడా. 'అమ్మ మెడ బోసిగా ఉంది' అని మొదలుపెట్టి పేజీన్నర. తరవాత వారం పుస్తకం రైలెక్కింది.

ఈసారి పుస్తకంతో పాటు మావయ్య గారు కూడా వచ్చారు. గుణుపురం నుంచి పనిగట్టుకుని వచ్చి, వసారాలో కూర్చుని, ఒక కవరు నాన్న చేతిలో పెట్టారు. "బావా, మాకొక్క మాట చెప్పకూడదా" అన్నారు. నాన్న ముఖం ఎర్రబడిపోయింది. కవరు తీసుకోలేదు. భోజనం పెట్టి, మర్యాదగా రైలెక్కించి వచ్చారు. ఇంటికొచ్చాక నన్ను పిలవలేదు, కోప్పడలేదు. ఖాతా పుస్తకం తనే తీసి తనే రాసుకున్నారు. ఆ వారమంతా అంతే. నాకది దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న నేను శ్రుతి చేసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"నేను చెప్పుకోలేదు కదా, నువ్వెందుకు చెప్పావు?"

నా దగ్గర జవాబు లేదు. కమాను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

"నీ సంగతులు నువ్వు ఎన్నైనా రాసుకో. నావి రాయాలంటే నన్నడుగు. వద్దని అన్నానా ఎప్పుడైనా?"

ఆ పేజీన్నర చింపేద్దామనుకున్నాను. అమ్మే ఒద్దంది. రెండు కాగితాల అంచులకీ మైదా జిగురు రాసి ఒకదానికొకటి అంటించేసింది. మూడో పుస్తకంలో ఇప్పటికీ ఆ కాగితం మందంగా ఉంటుంది. నేను విప్పలేదు. అమ్మని అడిగే ఇది కూడా రాస్తున్నాను. "ఇరవై ఏళ్ళు దాటిపోయింది కదే, రాసుకో" అంది ఫోన్లో. సంక్రాంతికి ముందే గొలుసు విడిపించారని కూడా రాయమంది.

ఆ తరవాత పదో తరగతి పరీక్షలు. ఫిడేలు అటకెక్కింది. నాన్న మాట అది, నేను ఎదురుచెప్పలేదు. రెండు నెలలు చెక్క స్కేలు మోకాలి మీద పెట్టుకుని దాని మీద ఎడమచేతి వేళ్ళు నడిపించేదాన్ని. మోహన వర్ణం మొత్తం అలా చప్పుడు లేకుండా వాయించాను. వేళ్ళ కొసలు మెత్తబడిపోతాయేమోనని ఒకటే టెన్షన్. పరీక్షలు బాగానే రాశాను.

*

నాయనమ్మకి ఒక అప్పగింతల పాట వచ్చు. పెళ్ళిళ్ళలో ఆవిడని పిలిచి పాడించుకునేవాళ్ళు ఒకప్పుడు. ఆవిడకి చదువు రాదు, పాటలన్నీ నోటికే. పరీక్షలయ్యాక ఆ వేసవిలో ఆవిడ పాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. పొద్దుటి పూట ఆవిడ కూర తరుగుతూ పాడుతుంటే నేను ఎదురుగా కూర్చుని రాయడం, తరవాత ఫిడేలు మీద పట్టుకోవడం. లాలి పాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు వచ్చేశాయి. అప్పగింతల పాట మాత్రం రెండు చరణాల దగ్గర ఆగిపోయింది. మూడోది ఉంది, రాలేదు.

"మీ అత్త పెళ్ళిలో పాడుతుంటే అక్కడే గొంతు పూడుకుపోయింది. మరింక ఆ చరణం నోట రాలేదే. తరవాతెప్పుడు పాడినా రెండే పాడి ఒగ్గేసేదాన్ని. ఇప్పుడు మాటలే పోయాయి."

చరణంలో ఏముందో మాత్రం చెప్పింది. కూతురి పల్లకి ఊరు దాటిపోతుంటే తల్లి ఇంట్లో నిలవలేక ఎక్కడికో ఎక్కి చూస్తుందట. ఆ మాటలేమిటో తెలియదు. నేను పుస్తకం వెనకవైపు రెండు చరణాలు రాసి, మూడోదానికి పది లైన్లు ఖాళీ వదిలి, "అత్తయ్యా, నీకు గుర్తుందా?" అని రాసి గుణుపురం పంపించాను. మే నెలాఖరు.

అప్పటికే ఊళ్ళో అందరికీ తెలుసు, చిన్న రైలు ఆగిపోతోందని. పట్టాలు పీకి పెద్ద లైను వేస్తారు. రావాల్సిందే, కాదనడానికి లేదు. 2010లో పెద్ద రైలు మా ఊరొచ్చింది, 2011కి గుణుపురం చేరింది. ఇప్పుడు సుఖంగా వెళ్ళొస్తున్నాం. కానీ 2004 జూన్‌లో మాకు దిగులే. జూన్ 9 ఆఖరి రోజు అన్నారు. మరి నా పుస్తకమో? అది అటే ఉండిపోతే? బస్సులున్నాయి, పోస్టు ఉంది, తెలుసు. అయినా అది రైల్లోనే రావాలని నాకు పట్టుదల. రోజూ రైలు వేళకి తమ్ముణ్ణి స్టేషనుకి పంపించేదాన్ని.

జూన్ 7న వచ్చింది. అత్తయ్య పక్కింటావిడ ఎవరో నౌపడా వెళ్తూ, రైలు మా స్టేషన్‌లో ఆగినప్పుడు కిటికీలోంచి అందించారు. తమ్ముడు దాన్ని చొక్కా లోపల పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

9వ తేదీన నాయనమ్మని రిక్షాలో కూర్చోబెట్టుకుని మేమూ స్టేషనుకి వెళ్ళాం. ప్లాట్‌ఫారం నిండా జనం. కొందరు పెట్టెలకి పసుపు కుంకుమ పెట్టారు. మావుసీ దణ్ణం పెట్టింది. నాయనమ్మ పెట్టె గోడ మీద అరచెయ్యి ఆనించి, "నా కూతుర్ని తీసుకెళ్ళింది నువ్వే, పండగలకి తీసుకొచ్చింది నువ్వే" అంది. రైలు కదిలాక కూడా చెయ్యి అలా గాల్లోనే ఉంచింది.

*

ఆ వారంలోనే రొజొ పండగ. మూడు రోజులు. భూదేవి విశ్రాంతి తీసుకునే రోజులని ఒడియా వాళ్ళ నమ్మకం, నాగలి కట్టరు, ఆడపిల్లలు పని ముట్టుకోరు. కొత్త బట్టలు, ఉయ్యాలలు, పొడొ పిఠా అనే పిండివంట. మావుసీ చలవ వల్ల ఆ పండగ మా ఇంట్లోకీ వచ్చేసింది. మూడు రోజులూ అమ్మ నన్ను చీపురు పట్టనిచ్చేది కాదు. మావుసీ ఇంటి మామిడి చెట్టుకి ఉయ్యాల కట్టారు. వీధిలో ఆడపిల్లలంతా అక్కడే. అటకమీద నుంచి దిగిన ఫిడేలుతో నేను చెట్టు కింద చాప మీద. నాయనమ్మ స్టూలు మీద.

ఖాళీ వదిలిన పది లైన్లలో అత్తయ్య పెన్సిల్‌తో చరణం రాసింది. కింద ఇంకొక మాట కూడా: "అమ్మ ఆ రోజు ఆపేసింది గానీ, నేను పల్లకీలో కూర్చుని మిగతాది మనసులో పాడుకున్నాను."

చదివి వినిపించాను. నాయనమ్మ కళ్ళు మూసుకుని వింది. మూడో లైనులో పెదవులు నాకన్నా ముందు కదిలాయి. నాలుగో లైను నేను చదివేసరికి కళ్ళు తెరిచింది.

"ఏటీ, మళ్ళీ చదువు."

"మెడ ఎక్కి చూసేను తల్లి..."

"మెడ కాదే అమ్మా. మేడ. మేడెక్కి చూస్తాది. పైకెక్కితే పల్లకి ఇంకా కాసేపు కనబడతాదని."

అత్తయ్య కూడా నాలాగే ఒడియా బళ్ళోనే చదువుకుంది.

శ్రుతి సరిచూసుకుని మొదలుపెట్టాను. మొదటి రెండు చరణాలు నాయనమ్మతో కలిసి. మూడోదానికి వచ్చేసరికి ఆవిడ గొంతు వణికింది, ఆగలేదు. నాలుగో లైనులో ఆ అక్షరం దగ్గర కమాను తిప్పకుండా చివరిదాకా లాగాను. ఉయ్యాల మీద పిల్లలు కాళ్ళు నేలకి ఆనించి ఆపుకున్నారు. మావుసీకి సగం మాటలు తెలియవు, కొంగు మాత్రం కళ్ళకి అద్దుకుంటోంది.

పాటయ్యాక నాయనమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. పొడొ పిఠా ముక్క ఒకటి తుంచి నా నోట్లో పెట్టింది. "ఇంక మరిచిపోనులే. అయినా సరిగ్గా రాసుకో" అంది.

చేతులు గుడ్డకి తుడుచుకుని పుస్తకం తీశాను. అత్తయ్య పెన్సిల్ రాత చెరపలేదు. ఆ 'మె' ఒక్కదాన్ని మాత్రం, నా పెన్నుతో, 'మే' చేశాను.